పొయ్యిల వెనక సందు

పాత ప్రభువుల ఆ భవంతిని చూడ్డానికొచ్చినవాళ్లు చెక్కనేల గీసుకుపోకుండా బూట్ల మీద మందపాటి ఉన్నిచెప్పులు తొడుక్కోవాలి. వాటితో నడిస్తే చీమ నడిచినంత చప్పుడు కూడా ఉండదు. అదే లిబూషె కొంప ముంచింది. పైకప్పు మీది రెక్కల పిల్లల బొమ్మల్ని చూడ్డానికి తలెత్తింది. పక్క గదిలోకి నడిచాక చూసుకుంటే మొగుడు వోయ్తేఖ్ లేడు.

అతనికి మతిమరుపు ముదిరింది. మొన్న సంతలో తప్పిపోయినప్పుడే కూతురు తెగేసి చెప్పింది. "ఇంకొక్కసారి ఇలా జరిగితే నాన్నని వృద్ధాశ్రమంలో చేర్చేస్తానమ్మా. నీ వల్ల కాదు." కుర్రతనంలో ఇక్కడే గదులు వెచ్చబెట్టే పొయ్యిలు రాజేశానని, ఒక్కసారి చూపించమని అతనే మారాం చేస్తే, మనసు ఆగక తీసుకొచ్చింది.

ముందు గది తెరవగానే వెనక గదికి తాళం వేయడం ఇక్కడి పద్ధతి. భవంతి చూపించే రాద్కా అప్పటికే తాళం తిప్పేసింది.

"మా ఆయన వెనకే ఉండిపోయారమ్మా."

"బీరు వాసన తగిలిన వైపు వెళ్లుంటాడులెండి," అన్నాడు గుంపులోని ఒక లావుపాటాయన. అందరూ నవ్వారు. లిబూషెకి ఒళ్లు మండింది.

తాళం తీశారు. గది ఖాళీ. ఎత్తైన తెల్లటి పొయ్యి పక్కన ఉన్నిచెప్పులు విడిచి ఉన్నాయి. గోడ రంగులో కలిసిపోయిన చిన్న తలుపు ఓరగా తెరిచి ఉంది. దొరల కంటపడకుండా నౌకర్లు వెనకనుంచి కట్టెలు వేసే సందు అది. గడియ ఎక్కడ నొక్కాలో తెలిసినవాళ్లకే తెరుచుకుంటుంది.

రాద్కా ముఖం పాలిపోయింది. "లోపల మెట్లు విరిగిపోయాయి పిన్నిగారూ. మీరు వెళ్లకండి, మనుషుల్ని పిలుస్తాను."

లిబూషె అప్పటికే దూరింది. చీకటి, మసి వాసన. పిలిస్తే ఉలిక్కిపడి జారతాడేమో. పిలవకపోతే ఇంకా లోపలికి పోతాడేమో. చేత్తో గోడ తడుముకుంటూ, ఫోను వెలుతురులో ఒక్కో మెట్టే దిగింది.

పొయ్యి నోటి ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు, చేతులు నల్లగా చేసుకుని. ఆమెకి ఏడుపొచ్చింది.

"వోయ్తేఖ్, లే. వెళ్దాం పద."

అతను మర్యాదగా తలెత్తాడు. "చూడ్డానికొచ్చినవాళ్లు ఇటు రాకూడదమ్మా, మెట్లు మంచివి కావు. ఒక సాయం చేసిపెడతారా? పైన మా లిబూషె ఉంటుంది. నేను కనపడకపోతే హడలి చస్తుంది. బాగానే ఉన్నానని చెప్పండి."

లిబూషె గోడకి ఆనుకుంది.

"చెబుతాను. మీరూ రండి, నేను చెబితే ఆవిడ నమ్మదు."

"అదీ నిజమే," అంటూ లేచాడు. మెట్టు విరిగినచోట చెయ్యిచ్చి, ఆమెని జాగ్రత్తగా దాటించాడు. ఆ చెయ్యి ఆమె వదల్లేదు.