కంచెతో సహా

ఆ ఊళ్ళో మొహం మీద మచ్చ ఉన్నవాళ్ళు డాక్టరు దగ్గరికి పోయేవారు కాదు, ఫొటో స్టూడియోకి పోయేవారు. అందుకే స్టూడియో యజమానికి మచ్చలాయన అని పేరు పడిపోయింది. మొటిమలు, గాట్లు, జారిన గడ్డాలు, ఏదైనా సరే, కంప్యూటరు ముందు కూర్చున్నాడంటే ఇట్టే మాయం చేసేవాడు. ఒకసారి ఎవరింట్లోనో అలిగి వెళ్ళిపోయిన అల్లుణ్ణి పెళ్ళి ఫొటోలోంచి తీసేసి అక్కడ పూలకుండీ పెట్టాడు. కొన్నాళ్ళకి వాళ్ళు రాజీపడి వస్తే కుండీ తీసేసి అల్లుణ్ణి మళ్ళీ నిలబెట్టాడు. అంత పనివాడు.

ఆయన చెల్లెలిది పూర్తిగా వేరే దారి. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఏదైతేనేం, అందరూ ఆమెను మొండి అనే పిలుస్తారు. పెళ్ళి ఫొటోలకు రమ్మంటే రాదు. ఊరి చివర మొదలయ్యే జాతీయవనంలోకి పోయి, గడ్డిలో బోర్లా పడుకుని, జంతువులు తనను మరిచిపోయేదాకా కదలదు. తీసిన ఫొటోలో పుల్ల కూడా పక్కకు జరపనివ్వదు. ఎవరో పారేసిన సీసా పడితే సీసాతో సహా అచ్చు వేయమంటుంది.

"అక్కడున్నదేగా! నేను తీసుకెళ్ళి పెట్టానా?" అని ఎదురు ప్రశ్న.

"నీతో వేగడం నా వల్ల కాదు తల్లీ," అని వదిన నెత్తి కొట్టుకునేది.

వనం ఆఫీసువాళ్ళు ఆమెకో పాసు ఇచ్చారు. టికెట్ల గేటు తెరవకముందే, సందర్శకుల జీపుల గోల మొదలవకముందే లోపలికి పోనిచ్చే పాసు. మొండి ప్రాణమంతా ఆ అట్టముక్కలోనే ఉంది. ఎందుకంటే జీపులు కదిలాయంటే ఒక్క జంతువూ కంటపడదు, ఇక ఎవడి ఫొటో తీస్తావు, డ్రైవరుదా?

ఆ ఏడు ఆఫీసు కొత్తగా సందర్శకుల హాలు కట్టించి, గోడంతా నిండే ఫొటో ఒకటి కావాలని ఆమెనే అడిగింది. మొండి వాగు దగ్గర జింకల మందను తీసింది. మండుటెండల రోజులు. మంద మొత్తం వరసగా నిలబడి, మెడలు చాచి నీళ్ళకేసి చూస్తోంది. జింకలకూ నీళ్ళకూ మధ్య ముళ్ళతీగల కంచె. ఆ కంచె వనానిది కాదు. పక్కనే హోటల్ కట్టిన ఒక పెద్దమనిషి, తన అతిథులు కాళ్ళు చాపుకుని వాగు చూసుకోవాలని, అందరి భూమినీ చుట్టబెట్టేశాడు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. ఆఫీసుకూ తెలుసు. తెలిసీ తెలియనట్టు ఉండటానికే కొందరికి జీతాలిస్తారు మరి!

ఆఫీసరు స్వయంగా స్టూడియోకి వచ్చి ఫొటో చూశాడు.

"అదిరిందమ్మా! ఒక్క చిన్న పని. ఆ తీగలు తీసేయించు."

"ఎందుకండీ?"

"హాలు తెరవడానికి మంత్రిగారు వస్తున్నారు. కంటికి బాగుండొద్దూ? మీ అన్నయ్యకు ఎంతసేపు పని!"

"తీయించనండీ."

ఆఫీసరు మొహంలో నవ్వు ఆరిపోయింది.

"చూడమ్మా, పాసు ఇచ్చింది మేమే. ఇచ్చిన చెయ్యి వెనక్కి తీసుకోలేదనుకోకు. మధ్యాహ్నానికల్లా తీగల్లేని ఫొటో కావాలి."

ఆయన వెళ్ళగానే అన్నయ్య అందుకున్నాడు.

"మాతో పోట్లాడినట్టు వాళ్ళతో పోట్లాడితే ఎట్లా? పాసు పోతే నువ్వు ఉండగలవా? అన్నం తినవు, నిద్రపోవు, మమ్మల్ని పోనివ్వవు!"

మొండికి నిజంగానే భయం వేసింది. పాసు లేని ఉదయాలు ఎట్లా గడుస్తాయో తోచలేదు. కానీ ఆ భయం వెనకాలే ఒళ్ళు మండిపోయే కోపమూ వచ్చింది. నీళ్ళు దొరక్క నోరెండిపోతున్న మూగజీవాల ముందు నిలబడి తను తీసిన ఫొటోను, ఆ నీళ్ళు కట్టేసినవాడి పరువు కోసం దిద్దాలా?

"సరే అన్నయ్యా, తీసెయ్. నీ చేత్తోనే తియ్యి. నేను పక్కన కూర్చుని చూస్తా," అంది.

మచ్చలాయన చకచకా పని మొదలుపెట్టాడు. ముళ్ళు పోయాయి, తీగలు పోయాయి, గుంజలు పోయాయి. వాటి వెనకాల గడ్డి మొలిచింది. వెనక్కి వాలి తన పని తానే మెచ్చుకోబోయి, ఆగిపోయాడు.

టీ తెచ్చిన వదిన కూడా తెరకేసి చూసింది.

"ఇదేంటండీ, నీళ్ళు కళ్ళెదురుగా పెట్టుకుని తాగవేం? జబ్బు చేసిందా వీటికి?"

ఏ అడ్డూ లేనిచోట మంద మొత్తం గీత గీసినట్టు నిలబడి ఉంది. చిన్నపిల్లలు చూసినా అదే అడుగుతారు. మచ్చలాయన తల గోక్కుని, చివరికి ఆఫీసరుకు ఫోన్ చేసి సంగతి చెప్పాడు.

"ఓస్, ఇంతేనా! జింకల్ని కూడా తీసెయ్," అన్నాడు ఆఫీసరు.

"సార్... జింకలు కూడానా?"

"ఒట్టి వాగు చాలయ్యా, చల్లగా ఉంటుంది. చెప్పింది చెయ్!"

మచ్చలాయన చెల్లెలి వంక చూశాడు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల ఏడవడం ఆయన చూడలేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"సార్, నేను మచ్చలు తీస్తాను. ప్రాణమున్న మందను దాహంతో మాడ్చింది చాలక, బొమ్మలోంచి కూడా తరిమెయ్యమంటారా? నా వల్ల కాదు. ఎవరితో చేయించుకుంటారో చేయించుకోండి!"

ఫోన్ పెట్టేసి కంప్యూటరు వైపు తిరిగాడు. తీసిన చేతులతోనే అన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి తెచ్చాడు. గుంజలు లేచాయి, తీగలు బిగిశాయి. జింకలు ఎందుకు ఆగాయో మళ్ళీ తెలిసొచ్చింది.

"హాలు గోడ పోతే పోయింది. మన గోడకేం రోగం?" అన్నాడు.

మంత్రి వచ్చే దారి స్టూడియో ముందు నుంచే. ఆయన వచ్చే రోజు ఉదయమే దుకాణం బోర్డు దించేసి, పైన గోడ పొడుగునా ఆ ఫొటోను పరిచారు. దూరంనుంచే కంచె ముళ్ళు లెక్కపెట్టేంత పెద్దది. దారినపోయేవాళ్ళు సైకిళ్ళు ఆపి చూస్తున్నారు. వదిన ఏమీ అడగకుండానే మేకుల డబ్బా పట్టుకొచ్చింది.

ముందుగా వచ్చిన ఆఫీసరు జీపు దిగుతూనే ఒంటికాలి మీద లేచాడు.

"ఎంత పొగరు! పాసు ఇటు పెట్టు!"

మొండి మెడలోంచి పాసు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఇక నీకు అడవి లేదు, తెలిసిందా?"

"ఎందుకు లేదండీ? టికెట్ కొనుక్కుని అందరితోపాటు వరసలో వస్తా. అందరిదేగా!"

"ముందు ఆ ఫొటో దించు! మంత్రిగారు వచ్చేస్తున్నారు!"

"అక్కడ మీరు కంచె పీకించండి, ఇక్కడ నేను ఫొటో దించుతా."

ఆఫీసరు నిచ్చెన మీదున్న అన్నయ్య వైపు తిరిగి, "నువ్వైనా చెప్పవయ్యా దానికి!" అని అరిచాడు.

మచ్చలాయన కిందికి చూడకుండానే ఇంకో మేకు కొట్టాడు.