అద్దం రెట్టింపైతే

పరీక్ష మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి. ఖగోళశాస్త్రం మొదటి పేపరు. పదింటికి మొదలైన రివిజన్ క్లాసులో మెరుపు మేడం గంటన్నరలో ఆరు చాప్టర్లు చుట్టేసింది. పిల్లలు ఆ పేరు ఊరికే పెట్టలేదు. అవతలివాళ్లు పెన్ను మూత తీసేలోపే బోర్డు మీద ఆవిడ జవాబు కింద రెండు గీతలు పడిపోతాయి.

ఆ రోజు మెరుపు మరీ ఎక్కువైంది. కారణం వెనక బెంచీలో కూర్చున్న ప్రిన్సిపాల్. ఆవిడది ఏడాది కాంట్రాక్టు. దాన్ని పొడిగించాలా వద్దా అన్నది ఈ క్లాసు చూసి ఆయన తేల్చాలి. అరచేతులకి చెమట పట్టి చాక్‌పీసు జారిపోతోంది. నక్షత్రాల దూరాలు అయ్యాయి, కాంతి సంవత్సరాలు అయ్యాయి, ఆఖరికి టెలిస్కోపులు.

“ఒక అద్దం వ్యాసం రెండు మీటర్లు, ఇంకోదానిది నాలుగు. పెద్దది ఎన్ని రెట్లు వెలుగు పట్టుకుంటుంది? రెండు రెట్లు. తరవాత లెక్క...”

మూడో బెంచీ పిల్ల లేచింది. ఆ పిల్ల నోట మాట రావడమే గగనం. “నాలుగు రెట్లు కాదా మేడం?”

వెనక ప్రిన్సిపాల్ తలెత్తాడు. మేడం అది చూసింది. అలాంటప్పుడు మనిషి ఒక్క క్షణం ఆగి ఆలోచించాలా? అబ్బే, గొంతు పెంచాలి. “అద్దం రెట్టింపైతే వెలుగూ రెట్టింపే. ఇంతమాత్రం తెలియకుండా పరీక్షకి ఎలా వచ్చావమ్మా? కూర్చో!”

క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల కూర్చుంది.

ఒంటిగంట దాటాక మేడం క్యాంటీన్లో కాఫీ ముందు పెట్టుకుని, క్లాసు గట్టెక్కిందో లేదో తెలియక గోళ్లు కొరుక్కుంటోంది. కౌంటర్ దగ్గర కాలేజీ గుమాస్తా వడ్డించేవాడి మీద రుసరుసలాడుతున్నాడు.

“పెద్ద ప్లేటు ఉప్మాకి రెండు గరిటెలేనా? అడుగు కనిపిస్తోందయ్యా!”

“చిన్న ప్లేటుకి ఒకటి సార్. ఇది దానికి రెట్టింపు వెడల్పు. అందుకే రెండు.”

“వెడల్పొక్కటేనా, పొడవు పెరగలేదూ? నాలుగేస్తే గానీ నిండదు. వెయ్యి!”

వడ్డించేవాడు సణుక్కుంటూ వేశాడు. మూడోదానికీ నిండలేదు. నాలుగోదానికి సరిగ్గా అంచుదాకా పరుచుకుంది.

మేడం నోట్లో కాఫీ చేదైపోయింది. వ్యాసం రెట్టింపైతే వైశాల్యం నాలుగు రెట్లు. స్కూలు పిల్లలకీ తెలిసిన సంగతి. తనకీ తెలుసు. తెలిసి కూడా నలభైమంది చేత తప్పు రాయించింది, రైటు చెప్పిన పిల్లని నలుగురిలో నవ్వులపాలు చేసింది. సిగ్గుతో ఆవిడ చెవులు కాలిపోయాయి.

గడియారం చూసింది. ఒంటిగంట ఇరవై రెండు. మెట్లు రెండేసి ఎక్కి పరీక్ష హాల్లో పడింది. ప్రిన్సిపాల్ చేతిలో ప్రశ్నపత్రాల కట్ట, కత్తెర. సీలు తెంచాక సబ్జెక్టు టీచరు హాల్లో నోరు విప్పితే ఉద్యోగం ఊడినట్టే.

“మేడం, మీరిక్కడ ఉండకూడదు.”

“ఇంకా తెంచలేదుగా సార్. ఒక్క మాట.” పిల్లల వైపు తిరిగింది. “పొద్దున టెలిస్కోపు లెక్క నేను తప్పు చెప్పాను. రెండు కాదు, నాలుగు రెట్లు. మూడో బెంచీ అమ్మాయి చెప్పిందే రైటు. అనవసరంగా కసురుకున్నాను తల్లీ, తప్పు నాదే.”

హాలు గుసగుసలతో నిండిపోయింది. గుండె మీంచి బరువు దిగిందనుకుంది మేడం. ఎక్కడ దిగింది? ఆ పిల్ల కళ్లనిండా నీళ్లతో లేచి నిలబడింది.

“అంత చిన్నదే రాకపోతే ఇంక మిగతావేం వస్తాయి అనుకున్నాను మేడం. నోట్సులో సొంతంగా చేసిన లెక్కలన్నీ కొట్టేశాను. ఇందాకటిదాకా మీ బోర్డు మీదవే బట్టీ పట్టాను. ఇప్పుడు ఏది రైటో ఏది తప్పో ఏమీ తెలియట్లేదు. ఏం రాయను?”

కత్తెర కిర్రుమంది. సీలు తెగింది. ప్రిన్సిపాల్ వేలితో గుమ్మం చూపించాడు.

మేడం కదల్లేదు. ఆయన వైపు చూడను కూడా చూడలేదు.

“నువ్వు కొట్టేసినవే రాయి.”