ఏడంటే ఏడే

చట్నీకి పోపు వేస్తుంటే మా ఆయన జితేందర్ పిలిచాడు. "విద్యా, జర రా. మోడెమ్ మళ్లీ సతాయిస్తుంది."

స్టవ్ ఆపి వెళ్లాను. వీడియో కాల్ కెమెరాకి కనపడకుండా టేబుల్ పక్కన మోకాళ్ల మీద కూర్చోవడం నాకు బాగా అలవాటైంది. కొండల్లో ఉన్న క్లయింట్ పంప్ స్టేషన్‌ది పాతకాలం కంట్రోలర్, ఫోన్ లైన్ మీద తప్ప మాట్లాడదు. సాయంత్రం వాన మొదలయ్యేలోపు దానికి కొత్త ఫైల్ పంపాలి. అవతలి మోడెమ్ ఒక్కో అక్షరానికి ఎన్ని బిట్లు వాడుతుందో ఇవతల కూడా అన్నే పెట్టాలి, లేకపోతే వచ్చేదంతా చెత్తే. జితేందర్ టీమ్‌లో ఎవరికీ ఇది తెలియదు. నేను హైదరాబాద్‌లో చేసిన ఉద్యోగమే ఇది. అమెరికాలో ఈ హెర్న్‌డన్ వచ్చాక నేను గుసగుసగా చెప్తాను, ఆయన గట్టిగా ఇంగ్లీషులో చెప్తాడు. "వాడి పక్కన కాసేపు కూసుంటే నీకేం పోతది బిడ్డా?" అంటుంది మా అత్తమ్మ.

పోయిన వారం క్లయింట్ మేనేజర్ లిండా అడిగిందట, ఈ పాత లైన్లు తెలిసిన మనిషి ఉంటే చెప్పండి, ఉద్యోగం ఇస్తామని. జితేందర్ నవ్వుతూ చెప్పాడు నాకు. "మా టీమ్‌ల అసొంటోళ్లు ఎవరూ లేరని చెప్పిన. నువ్వు జాబ్‌కి పోతే మన నైనికను స్కూల్‌ల ఎవరు పికప్ చేస్తరు?" వర్క్ పర్మిట్ కార్డు నా పర్సులోనే ఉంది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

"డేటా బిట్స్ ఎన్ని?" కాల్‌లో లిండా అడిగింది.

"ఏడు," అన్నాను మెల్లగా.

"ఎయిట్," అన్నాడాయన.

నా తెలుగు ఏడు ఆయన చెవిలో ఇంగ్లీషు ఎయిటైపోయింది! స్క్రీన్ నిండా పిచ్చి గీతలు. "ఏడు, ఏడు," అన్నాను మళ్లీ. "యెస్, ఎయిట్ ఓన్లీ," అన్నాడు మళ్లీ. లిండా విసుక్కుంది.

"సారీ లిండా, మా సైడ్ ఎవరో రాంగ్ ఇన్ఫర్మేషన్ ఇచ్చారు," అని మ్యూట్ నొక్కి నా వైపు తిరిగాడు. "ఇజ్జత్ తీసినవ్ కదనే!"

ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ నేను సరిగ్గా చెప్పినవన్నీ ఆయనవి. ఆయన తప్పుగా విన్న ఈ ఒక్కటి మాత్రం నాదట. కాళ్లు తిమ్మిరెక్కాయి. టేబుల్ పట్టుకుని లేచి, కెమెరా ముందుకొచ్చి, మ్యూట్ తీసేశాను.

"లిండా, సెవెన్ బిట్స్, ఈవెన్ పేరిటీ. ఫైల్ పాత కెర్మిట్ ప్రోటోకాల్‌లో పంపండి."

అవతల కీబోర్డ్ చప్పుడు. గీతలు పోయి అక్షరాలు వచ్చాయి. ఫైల్ కదిలింది.

"థాంక్ గాడ్! మీరెవరు?" అంది లిండా.

జితేందర్ చెయ్యి మ్యూట్ వైపు వస్తోంది. ల్యాప్‌టాప్‌ని నా వైపు లాక్కున్నాను.

"జితేందర్ మీకు చెప్పింది నిజమే, ఆయన టీమ్‌లో ఈ పని తెలిసినవాళ్లు లేరు. నా పేరు శ్రీవిద్య. ఆ ఉద్యోగం ఇంకా ఖాళీగానే ఉందా?"