అమావాస్యనాటి సీసాలు

నర్మద మేడం కరీంనగర్ మంచినీళ్ల ఆఫీసు నుంచి మా తొమ్మిదో తరగతికి వచ్చి, "నెలకోసారి వాగు నీళ్లు సీసాల పట్టి ఇచ్చేదెవరు?" అని అడిగింది. ఊరి పైనున్న రంగుల కార్ఖానా నుంచి వాగులో ఏం కలుస్తుందో పరీక్ష చేయించి, ఏ ఊళ్లకు ముందుగా మంచినీళ్ల పైపు వేయాలో రిపోర్టు రాస్తుందట.

మా బావి వాగు ఒడ్డునే ఉంది. ఏ రోజు వాగు ఏ రంగులో పారిందో ఏడాదిగా నేను డైరీలో రాస్తున్నాను. అయినా నా చెయ్యి లేవలేదు. ప్రవళిక చెయ్యి లేచింది.

ఇక మేడం జీపు ఎప్పుడు ఆగినా ప్రవళిక పేరే. మెడలో వేసుకునే కార్డు కూడా ఇచ్చింది. అన్నం తినేటప్పుడు కూడా ప్రవళిక దాన్ని తీసేది కాదు.

ఒకరోజు సీసాలతో మా బావి దగ్గర కనిపించింది.

"ఇయ్యాల్నే ఎందుకు పట్టినవే?"

"అమాస గదా. కార్ఖానా బంద్ ఉంటది, వాసన రాదు. మతికి గూడ ఉంటది."

కార్ఖానా నడవని రోజు నీళ్లు తేటగానే ఉంటాయి. నాకు వెంటనే అర్థమైంది. చెప్పలేదు. ఆమె తప్పు చేస్తుంటే చూడడం తియ్యగా ఉండింది. ఇంకో రెండు అమావాస్యలు అలాగే పోయాయి.

నిన్న పంచాయతీ ఆఫీసులో, ప్రవళికను పక్కన కూర్చోబెట్టుకుని, మేడం చెప్పింది. "మీ వాగు నీళ్లు బాగనే ఉన్నయి. మొదటి జాబితాల మీ ఊరు లేదు."

మా అవ్వ లేచింది. "ఆ నీళ్లను మా బర్రె గూడ ముట్టది మేడం. జర మా బాయికాడికొచ్చి మీరే తాగి చూడుండ్రి."

కొందరు నవ్వారు.

"పరీక్షల అట్ల రాలేదమ్మా," అన్నది మేడం.

అవ్వ కూర్చుంది. ఆ నీళ్లు వడగట్టీ వడగట్టీ ఎర్రబడిన ఆమె కొంగు నా పక్కనే ఉంది. సంచిలోంచి డైరీ తీసి మేడం ముందు పెట్టాను. మేడం నాలుగు పేజీలు తిరగేసి, "ప్రవళికా, నువ్వు చదువు," అన్నది.

ప్రవళిక గట్టిగా చదివింది. "సోమవారం, ఎరుపు. మంగళవారం, నీలం, నురగ. బుధవారం అమావాస్య, కార్ఖానా బంద్, తేట. ప్రవళిక ఈ నెల కూడా ఇవాళే పట్టింది. నేను చెప్పను. మేడం ముందు దాని పరువు పోవాలి."

చదవడం ఆపి నా వైపు చూసింది.

"ఎరికుండి చెప్పలేదానే?"

తల ఊపాను.

"నోట్లె ఏం పెట్టుకున్నవే మూడు నెలలు?"

పేజీ తిప్పి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి తేదీలు, రంగులు మాత్రమే. తన పేరు వచ్చిన చోటల్లా దాటేసింది. మేడం ఒక్కొక్కటే రాసుకుని, "జాబితా పదిహేను రోజులు ఆపుత. కార్ఖానా నడిచే రోజు మళ్ల నీళ్లు పట్టుకుందాం," అన్నది.

నా రాతలు ప్రవళిక గొంతులో ఎంత బాగున్నాయో. అందుక్కూడా నాకు కుళ్లుగానే ఉండింది.