బండి పలక ఎవరిది?

సన్యాసి ఏడు పందేలు తోలాడు. ఆరు గెలిచాడు, ఒకటి ఓడాడు. ఆ ఆదివారం పొద్దున కూలీల లైను ఇళ్ల ముందు చేరిన జనానికి మాత్రం ఆ ఒక్కటే గుర్తుంది.

మరో పది రోజుల్లో దొరల కొత్త సంవత్సరం. ఆ రోజు మలయాలోని సుంగై సిపుట్ మైదానంలో మూడు రబ్బరు తోటల ఎడ్లబండ్లకి పందెం. ఏడాది పొడుగునా తలెత్తుకు తిరగాలో దించుకు తిరగాలో తేలేది అక్కడే. ఈసారి బండి ముందు పలక మీద ఎవరు కూర్చోవాలో కూలీల మీద పెత్తనం చేసే కంగాణి తాతబాబు ఇవాళే దొరకి చెప్పాలి. పందెం తోలినవాడే ఏడాదంతా రబ్బరుపాల బండి తోలతాడు. చీకట్లో లేచి చెట్లు గీసే పని తప్పుతుంది, రోజుకి పది సెంట్లు ఎక్కువ కూలి. గెలిస్తే దొర చేతి మీదుగా అయిదు డాలర్లు, కొత్త పంచె.

సన్యాసి ఎడ్లకి గడ్డి కొయ్యడానికి వెళ్లాడు. అతని భార్య పోలమ్మ గుమ్మం లోపల బియ్యం చెరుగుతూ అంతా వింటోంది. చెరుగుతోందన్న మాటే గాని, చేటలో కన్నా నేల మీదే ఎక్కువ గింజలున్నాయి.

"కూకుని ఎడ్లు తోలడానికి పది సెంట్లు ఎక్కువేటిరా?" అంటున్నాడు అప్పడు. అతను చెట్లు గీసే మనిషి, బండి పలక ఎక్కిన పాపాన పోలేదు. "పక్క తోట కరుప్పన్‌ని సూడండి. కిందటేడే ఇక్కడికొచ్చినాడు. అంతకు ముందు దూరాన మూడు తోటలు మారినాడు. ఏ తోటకెల్తే ఆ తోట గెలుత్తాది. బండోడంటే ఆడూ!"

"ఆడికి ఎల్లిన సోటల్లా కొత్త ఎడ్లు కొనిచ్చినారు గదా. గెలిసింది ఆడా, ఎడ్లా?" అని ఇంకెవరో అడ్డం తగిలారు.

"ఎడ్లే గెలిత్తే సన్యాసి గెలిసిన ఆరూ ఎవరివి?" అన్నాడు సన్యాసి వైపువాడొకడు.

"అవీ ఎడ్లవే!" అన్నాడు అప్పడు.

జనం గొల్లున నవ్వారు. పోలమ్మకి ఒళ్లు మండిపోయింది. ఆ ఆరు గెలుపుల రోజునా సన్యాసిని భుజాల మీద మోసుకొచ్చింది ఈ నవ్వేవాళ్లే.

అప్పుడు లేచాడు కన్నబాబు. పాతికేళ్లవాడు, మంచి కండ ఉన్నవాడు. సన్యాసి జ్వరపడిన వారం పాలబండి తోలింది అతనే. "కంగాణి బావూ, కిందటేడు ఎడ్లు గీతకి పది బారల్లో నిలబడిపోతే ఆయనేటి సేసినాడు? పలక మీద కూకుని సూసినాడు. నానైతే నాలుగు అంటించి కదిలించీవోణ్ని. ఆయన పెద్దోడు, కాదన్ను. కానీ ఆ పలక ఇంక ఆయనకి తగదు."

నిన్న మధ్యాహ్నం దాకా అయితే పోలమ్మ ఈపాటికి బయటికి వచ్చి ఒక్కొక్కణ్ణీ కడిగి ఆరేసేది. నిన్న జరిగిన సంగతే ఆమె నోరు కట్టేసింది.

నిన్న రబ్బరుపాలు పోసే కొట్టం వెనక, బాల్దీ అడుగున అంటుకున్న రబ్బరు ఊడటానికి కర్రతో గట్టిగా మూడు దెబ్బలు కొట్టింది. దారిన పోతున్న సన్యాసి బండి ఉన్నపళాన ఆగిపోయింది. అతను పగ్గం లాగలేదు, నోరు మెదపలేదు. రోజూ కొట్టం దగ్గర గుమాస్తా బాల్దీ మీద కొడితే బండి ఆగుతుంది, పాలు ఎత్తుతారు. ఏడేళ్లుగా అదే పని. నల్లోడు, మచ్చోడు అనే ఆ రెండు ఎడ్లకీ ఆ చప్పుడు వింటే ఆగడం ఒక్కటే తెలుసు.

వెంటనే పోలమ్మకి కిందటి పందెం గుర్తొచ్చింది. ఆడవాళ్లకి సెలవిచ్చి మైదానానికి రానిచ్చింది ఆ ఏడే మొదటిసారి. పాల బాల్దీలు శుభ్రంగా తోముకుని తాగే నీళ్లు మోసుకెళ్లారు. సన్యాసి బండి ముందు రావడం చూసి సంతోషం పట్టలేక నీళ్లు ఒలకబోసి, బాల్దీ బోర్లించి కర్రతో దడదడ వాయించింది పోలమ్మ. ఆమెని చూసి మిగతా ఆడవాళ్లూ వాయించారు. ఎడ్లు ఆగిపోయాయి. కరుప్పన్ బండి పక్కనుంచి వెళ్లిపోయింది.

సాయంత్రం ఏటి ఒడ్డున ఎడ్లు కడుగుతున్న మొగుడి దగ్గరికి వెళ్లి అడిగింది. "మావా, కిందటేడు ఎడ్లు నా బాల్దీకేనా ఆగినాయి?"

సన్యాసి ఎద్దు వీపు రుద్దడం ఆపలేదు. "ఆ రోజే తెలుసు."

"మరి ఏడాది బట్టీ నోరు మూసుకుని అందరి సేతా మాటలెందుకు పడ్డావు?"

"తోట ఓడిపోయింది నీవల్లేనని తెలిత్తే ఈ లైన్లో నిన్ను బతకనిత్తారేటి? నన్నంటే పడతాను. నిన్నంటే పడనేను. ఎవరికీ సెప్పకు."

ఆ మాటకే పోలమ్మ ఇప్పటిదాకా కట్టుబడి కూర్చుంది. ఇంతలో తాతబాబు గొంతు సవరించుకున్నాడు.

"సరే. ఈసారి పలక కన్నబాబుదే. ఇవాళే దొరకి సెప్పేత్తాను."

చేట పక్కన పడింది. పోలమ్మ మూలనున్న బాల్దీ, కర్ర తీసుకుని జనం మధ్యకి వచ్చి నిలబడింది. "కిందటేడు ఎడ్లని ఆపింది నా మొగుడు కాదు, కంగాణి బావూ. నాను!" అంటూ జరిగినదంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ తల దించలేదు.

"మొగుడి పలక కోసం బాగానే అల్లినావే కత!" అన్నాడు అప్పడు.

"కతేనేటి? కన్నబాబూ, బండి కట్టు. పరుగు మీద నన్ను దాటించు. దాటించినావా, పలక నీది. ఇంక నాను నోరెత్తను."

కన్నబాబు నవ్వుతూ వెళ్లి బండి కట్టి, దూరం నుంచి తోలుకొచ్చాడు. ఎడ్లు దుమ్ము రేపుతూ వస్తున్నాయి. పోలమ్మ బాల్దీ మీద మూడు దెబ్బలు వేసింది. ఎడ్లు ఠక్కున ఆగాయి. కన్నబాబు పలక మీంచి ఎగిరి మచ్చోడి వీపు మీద బోర్లా పడ్డాడు. లేచి కొరడా రెండుసార్లు ఝళిపించాడు, రెండుసార్లు కొట్టాడు. ఎడ్లు అంగుళం కదల్లేదు. కాసేపటికి వాటంతట అవే కదిలాక వెనక్కి తీసుకెళ్లి మళ్లీ తోలుకొచ్చాడు. ఈసారి పోలమ్మ బాల్దీ ముట్టుకోలేదు. బండి గాలిలా దాటిపోయింది.

ఎవరూ నవ్వలేదు. అందరికన్నా ముందు ముసలి ఎర్రమ్మ నోరు విప్పింది. "నానూ కొట్టినానే, పోలీ."

"నానూ," అంది ఇంకొకతె. "మేవంతా కొట్టినాం."

కన్నబాబు బండి దిగి ఒంటి మీద దుమ్ము దులుపుకున్నాడు. కొరడా తాతబాబు చేతికిచ్చేశాడు. "ఏడాది పాటు ఇంటిదాని పేరు బయటికి రాకుండా కాసినాడు. అలాంటోడి పలక నాకొద్దు, బావూ."

అప్పటికే గడ్డిమోపుతో వచ్చి వెనక నిలబడ్డ సన్యాసి పెళ్లాన్ని కోపంగా చూశాడు. "సెప్పొద్దన్నాను గదే?"

"ఆరు గెలుపులు ఇద్దరం పంచుకున్నాం. ఓటమి ఒక్కటీ నువ్వే మోత్తావేటి?"

సన్యాసి కళ్లు చెమర్చడం కనపడకుండా గడ్డిమోపు ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. తాతబాబు కొరడా తెచ్చి అతని చేతికిచ్చాడు.

"అయితే ఈసారి ఆడోళ్లని ఇంటికాడే ఉంచుదాం," అన్నాడు అప్పడు, ఏదో ఒకటి అనకపోతే తోచదు గనక.

"వత్తాం! బాల్దీలతోటే వత్తాం," అంది పోలమ్మ. "గీత దాటినదాకా మాలో ఒక్కత్తి సప్పుడు సేత్తే అడుగు. ముందు నీ నోరు కట్టుకో, సాలు."

పందెం రోజున మైదానం దద్దరిల్లిపోయింది. పక్క తోటలవాళ్లు డప్పులు కొట్టారు, ఈలలు వేశారు. ఈ తోట జనం రెండువందల మందీ చడీచప్పుడూ లేకుండా నిలబడ్డారు. అప్పడు తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. ఏమైంది వీళ్లకి, ఓడిపోతామని ముందే ఏడుస్తున్నారా అని అవతలివాళ్లు వేళాకోళం చేశారు. పోలమ్మ బాల్దీని గుండెలకి హత్తుకుని పెదవి కొరుక్కుంది. కరుప్పన్ బండి, సన్యాసి బండి పక్కపక్కనే వస్తున్నాయి. గీత దగ్గరపడింది. నల్లోడు మెడ ముందుకి చాచాడు. వాడి వెంట మచ్చోడూ చాచాడు. బారెడు ముందుగా సన్యాసి బండి గీత దాటింది.

పరుగు మీదున్న కరుప్పన్ బండి ఆగలేక మైదానం చివరి కాలవదాకా వెళ్లిపోయింది. సన్యాసి మాత్రం పగ్గాలు వదిలేసి, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని జనంలోకి చూశాడు.

పోలమ్మ బాల్దీ బోర్లించి మూడు దెబ్బలు వేసింది. నల్లోడూ మచ్చోడూ సరిగ్గా ఆమె ముందుకి వచ్చి నిలబడ్డారు. అప్పుడు మోగాయి ఆడవాళ్ల బాల్దీలన్నీ ఒక్కసారిగా.

పంచె, డాలర్లు పట్టుకుని వచ్చిన దొర, పగ్గం పట్టకుండా ఎడ్లని ఎలా ఆపావని అడిగాడు. సన్యాసి పలక మీంచి దిగి పోలమ్మ వైపు చెయ్యి చూపించాడు.

"తోలీది నాను, దొరా. ఆపీది మా ఇంటిది."