కత్తి తీసేశాక

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మంగలి పనికి అది పనికిరాదు కాబట్టి షాపులో అణుచుకుంటాను, ఇంటికొచ్చాక బయటికి తీస్తాను. ఆ రోజూ అంతే. పత్రికకు పంపిన కథ నాలుగోసారి తిరిగొచ్చింది. ఆ ఎడిటర్ని నానా మాటలూ అంటుంటే మా ఆవిడ కూరగాయలు తరుగుతూ తల కూడా ఎత్తలేదు.

"కథ నిజంగా బాగుందో లేదో ఎవరినైనా అడిగారా?" అంది.

"షాపుకొచ్చిన వాళ్ళందరినీ అడిగాను. గడ్డం గీస్తూ చెప్పాను. ఒక్కడైనా బాగాలేదనలేదు."

"గొంతు మీద కత్తి ఉంటే ఎవరంటారండీ?"

పదహారేళ్ళుగా కథలు చెబుతున్నాను, ఈ సంగతి తట్టనే లేదు. ఆవిడ అంతటితో ఊరుకుందా? గడ్డం పూర్తయి, లేచి వెళ్ళిపోగలిగిన మనిషి ఒక్కడు చివరిదాకా వింటే ఐదోసారి పంపమంది. లేకపోతే ఆ కాగితాలన్నీ అటక ఎక్కించి, ఇక రాయడం మానేయమంది. సరేనని బింకంగా అనేశాను.

మర్నాడు రిటైరైన తెలుగు మాష్టారు గడ్డానికి వచ్చారు. నా వ్యాకరణం దిద్దేది ఆయనే. ముఖం నిండా నురగ ఉన్నా "ఆ వాక్యం మళ్ళీ చెప్పు" అంటారు. గడ్డం గీశాను, గుడ్డ తీశాను, చదవడం మొదలుపెట్టాను. రెండో పేజీ మధ్యలో ఆయన సంచీ భుజాన వేసుకున్నారు.

"పనుందయ్యా, వస్తాను."

"ఏం పని మాష్టారూ? నిజం చెప్పండి."

ఆయన కాస్త తటపటాయించారు. "అన్నదమ్ములు గొడవపడ్డారన్నావు. వాళ్ళెక్కడ? పేజీ నిండా సూర్యోదయం, ఆ తర్వాత వాన. వాక్యం అన్నతో మొదలై మేఘాలతో ముగుస్తోంది. ఎవడు ఏం చేశాడో తెలిసి చావడం లేదు."

ఒళ్ళు మండిపోయింది. ఆ సూర్యోదయం రాయడానికి మూడు ఆదివారాలు పట్టింది నాకు. అయినా మధ్యాహ్నం షాపు ఖాళీ అయ్యాక పెన్ను పట్టుకుని కూర్చున్నాను. సూర్యుణ్ణి కొట్టేశాను. వానను కొట్టేశాను. అన్న ఆడిన మాట ముందు పెట్టాను, తమ్ముడు తలుపేసుకోవడం తర్వాత పెట్టాను. పొడుగు వాక్యాలను విరిచి, ఏ పని ఎవరిదో సరిచూసుకున్నాను. పదకొండు పేజీలు ఐదయ్యాయి. జుట్టు కత్తిరించడం ఎక్కడ ఆపాలో తెలిసినవాణ్ణి, కాగితం మీద ఇన్నాళ్ళూ ఎందుకు తెలియలేదో.

శుక్రవారం మాష్టారు మళ్ళీ వచ్చారు. గడ్డం అయిపోయింది.

"వెళ్ళాలనిపిస్తే వెళ్ళిపోండి, ఏమీ అనుకోను," అని చదవడం మొదలుపెట్టాను. ఆయన తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. మూడో పేజీకి ఆ చెయ్యి తీసి బెంచీ మీద కూర్చున్నారు. వీధిలోంచి ఎవరో పిలిస్తే "ఉండవయ్యా" అని కసిరారు.

కథ అయిపోయింది. మాష్టారు బాగుందనలేదు.

"ఆ తమ్ముడికి బుద్ధుందా?" అన్నారు. "అన్న అంత దూరం నడిచొస్తే తలుపు తియ్యడా? ఒక్క మాట మాట్లాడితే వాడి సొమ్మేం పోయింది?"

"మరి తప్పులు, మాష్టారూ?"

"ఏం తప్పులు?"

"వ్యాకరణం."

ఆయన అయోమయంగా చూశారు. "చూసుకోవడం మర్చిపోయానయ్యా."

నాకు ఏడుపొచ్చింది. చెప్పడానికి సిగ్గేం లేదు. అటు తిరిగి, శుభ్రంగా ఉన్న అద్దాన్నే తుడిచాను. ఆయన కాగితాలు లాక్కుని కళ్ళజోడు పెట్టుకున్నారు. తొమ్మిది తప్పులు దొరికాయి. ఆయన తమ్ముణ్ణి తిడుతూ ఒక్కొక్కటే దిద్దుతుంటే, నేను మా ఆవిడకు ఫోన్ చేసి కవరు కొనమన్నాను.