కడుపు నిండిన చేపలు

మా ఆఫీసులో నన్ను చేపలమ్మ అంటారు. ఎదురుగా అనరు. నేను పక్క గదిలో ఉన్నప్పుడు అంటారు, గోడ పలచన కాబట్టి నాకు వినిపిస్తుంది. దానికి నాకేం కోపం లేదు. కోపం వచ్చే సంగతులు వేరే ఉన్నాయి, వాటి దగ్గరికి వస్తాను.

ఆరోగ్య విభాగం ఆఫీసు వెనక, స్కూటర్లు పెట్టే చోటు దాటాక, నాలుగు సిమెంటు తొట్లు ఉన్నాయి. వాటిలో గంబూసియా చేపలు పెంచుతాం. చేప చిటికెన వేలంత ఉంటుంది, చూడ్డానికి అందంగా కూడా ఉండదు. నిలవనీళ్ళలో దోమలు పెట్టిన గుడ్లలోంచి వచ్చే పురుగులను, అవి దోమలై ఎగరకముందే తినేయడం దాని పని. వాడని బావి ఉన్నవాళ్ళూ, ఫౌంటెన్ పాడైనవాళ్ళూ ఆఫీసుకి ఫోన్ చేస్తారు. నేను సంచిలో చేపలు పట్టుకెళ్ళి వదిలి వస్తాను. పదిహేడేళ్ళుగా ఇదే నా ఉద్యోగం.

సులువనుకుంటారు అందరూ. కుళాయి నీళ్ళు పట్టి ఒకరోజు ఎండలో ఉంచకపోతే అందులోని మందుకి చేపలు చచ్చిపోతాయని ఎంతమందికి తెలుసు? ఈ చేప గుడ్డు పెట్టదు, నేరుగా పిల్లనే కంటుంది. కన్న మరుక్షణం వెనక్కి తిరిగి ఆ పిల్లనే తినబోతుంది. అందుకని పిల్లలు దాక్కోవడానికి తొట్టిలో నాచు పెంచాలి. ఎన్ని తల్లుల నోట్లోంచి ఎన్ని పిల్లలను కాపాడానో లెక్కలేదు. ఆఫీసు రిజిస్టరులో దానికి గడి కూడా లేదు.

చేపలకి వేయమని ఆఫీసువాళ్ళు తవుడు ఇస్తారు. ఉత్త తవుడు తిని ఎవరు బాగుపడ్డారు? నేను ఇంటినుంచి ఉడికించిన గుడ్లు తెచ్చి, పచ్చసొనను పలచటి గుడ్డలో మూటకట్టి, నీళ్ళలో పిండుతాను. మా అత్తగారికి అక్కడే మంట. "ఇంట్లో ముసలిదానికి తెల్లసొన, ఆఫీసు చేపలకి పచ్చసొన. బాగుందమ్మా న్యాయం" అంటుంది, టీవీ మీంచి తల తిప్పకుండా. ఆ వయసులో తెల్లసొనే మంచిదని డాక్టరు చెప్పాడని అంటాను. డాక్టరు ఏమీ చెప్పలేదు.

ఆ తల తిప్పకపోవడం గురించి ఒక మాట చెప్పాలి. మా ఆయన లారీ నడుపుతాడు. నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటాడు, అందులో మూడు రోజులు నిద్రపోతాడు. పిల్లలు లేరు. సాయంత్రం నేను తలుపు తోసుకుని లోపలికి వెళితే, వచ్చింది కోడలో దొంగో కూడా అత్తగారు చూడదు. అదే పొద్దున్న తొట్ల దగ్గరికి వెళితే, నా చెప్పుల టపటప వినగానే చేపలన్నీ ఒక మూలకి పరిగెత్తుకొచ్చి, నోళ్ళు పైకి పెట్టి నిలబడతాయి. నా కోసం అలా ఎదురుచూసే ప్రాణి ఈ భూమ్మీద ఇంకొకటి లేదు. జాలిపడమని చెప్పడం లేదు, ఉన్నమాట చెబుతున్నాను.

ఇలా ఉండగా మాకు కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పొమ్మనలేక పొగబెట్టారని సామెత. ఈయన నిజంగానే పొగ మిషన్ తెప్పించాడు. బండి మీద బిగించి వీధుల్లో తిప్పుతూ దోమలకి పొగ కొట్టేది. ఆ బండికి షెడ్డు కావాలి, షెడ్డుకి చోటు కావాలి. ఆ చోటు మీద నా తొట్లు ఉన్నాయి.

"తొట్లు తీసేస్తే మీకూ సుఖమేనమ్మా. లోపల ఫ్యాను కింద కూర్చుని ఫైళ్ళు చూసుకోవచ్చు" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అరిచే ఆఫీసరుతో వేగవచ్చు గానీ, మర్యాదస్థుడితో వేగలేం.

"చేపల్ని ఏం చేస్తారు సార్?" అన్నాను.

"కాలవలో వదిలేద్దాం."

"కాలవలో వదిలితే అక్కడున్న చేపల గుడ్లన్నీ తినేస్తాయి. అందుకే వాటిని కాలవల్లో, చెరువుల్లో వదలకూడదు. ఆఫీసు ఇచ్చిన సూచనల కాగితంలోనే రాసుంది."

ఆయన కాగితం తీసి చూశాడు. రాసే ఉంది. దాంతో కాసేపు పెన్ను నమిలి, ఒక పరీక్ష పెడతానన్నాడు. బడి పక్క వీధిలో సగం కట్టి వదిలేసిన బిల్డింగు ఉంది. దాని సెల్లార్లో మోకాలి లోతున నీళ్ళు. తోడితే మళ్ళీ ఊరతాయి. ఆ వీధిలో ఇంటికొకరు జ్వరంతో పడుకున్నారు. ఆ నీళ్ళలో నా చేపలు వదలాలి. పదిహేనో రోజున గరిటెతో పదిసార్లు నీళ్ళు తీసి చూస్తాడు. పదింట్లో కలిపి ఐదు పురుగులకి మించకపోతే తొట్లు ఉంటాయి. మించితే పోతాయి.

ఆ మాట విని నేను నవ్వుకున్నాను. చేపపిల్లకి ఈత నేర్పాలా?

సోమవారం నాలుగు వందల చేపలు తీసుకెళ్ళాను. అన్నీ ఏరి ఏరి పట్టినవే, ఒక్కొక్కటి నిగనిగలాడుతూ బొద్దుగా ఉంది. సంచులను పావుగంట సేపు సెల్లారు నీళ్ళమీదే తేలనిచ్చి, ఆ చల్లదనం అలవాటయ్యాక మూతి విప్పాను. వదిలే ముందు గరిటెతో చూస్తే పదిసార్లకి డెబ్భై పురుగులు వచ్చాయి. అక్కడ కాపలా ఉండే పెద్దాయన ఇటుకల గుట్ట మీద కూర్చుని అంతా చూశాడు.

"ఇవేనా అమ్మా, దోమల్ని తినేవి?"

"దోమల్ని కాదు, దోమ పిల్లల్ని."

"బాగా తిన్నవాటిలాగే ఉన్నాయి" అన్నాడు. పొగడ్త అనుకుని సంతోషించాను.

రోజూ పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళేముందు అటు వెళ్ళి చూసి వచ్చేదాన్ని. సెల్లారు మెట్లు దిగుతుండగానే నాలుగు వందలూ ఆఖరి మెట్టు దగ్గర చేరేవి. చీకటి గుహలాంటి చోట కూడా నన్ను మరిచిపోలేదు. కొత్త చోటు కదా, బెంగపెట్టుకుంటాయని చిటికెడు పచ్చసొన పిండి వచ్చేదాన్ని.

ఐదో రోజున గరిటె ముంచాను. పదిసార్లకి అరవై ఎనిమిది.

మళ్ళీ ముంచాను. డెబ్భై ఒకటి. నా చేపలు కాళ్ళ దగ్గర మూగి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి, వాటి వెనకే పురుగులు నిక్షేపంగా గంతులేస్తున్నాయి. ఎవరో వీటికి తిండి పెడుతున్నారు, లేకపోతే ఇలా జరగదు. ఎవరా అని చూస్తే ఇటుకల గుట్ట కింద బిస్కెట్ పొడి కనిపించింది. ఇంకేం కావాలి?

"పెద్దాయనా, చేపలకి బిస్కెట్లు వేస్తున్నావా?"

"నేనా? నాకే పూటకి నాలుగు బిస్కెట్లమ్మా. చేపలకెక్కడ పెట్టను?"

"మరి ఈ పొడి ఏంటి?"

"పళ్ళు లేవు కదా. రాలుతుంది."

నేను ఊరుకోలేదు. నోటికొచ్చినవన్నీ అన్నాను. తిని కూర్చోవడం తప్ప పనేముందన్నాను, నా పదిహేడేళ్ళ కష్టం నీ బిస్కెట్ల పాలు చేస్తావా అన్నాను. ఆయన అంతా విని, "మంచినీళ్ళు తాగుతారా" అన్నాడు. దాంతో నాకు అనుమానం ఇంకా పెరిగింది.

ఏడో రోజు మధ్యాహ్నం ఆఫీసులో తలనొప్పి అని చెప్పి, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళి, సిమెంటు బస్తాల వెనక దాక్కున్నాను. నా వయసుకి చెయ్యాల్సిన పని కాదు. పెద్దాయన వచ్చి గుట్ట మీద కూర్చుని, నాలుగు బిస్కెట్లూ గ్లాసు నీళ్ళలో ముంచుకుని తిన్నాడు. ఆఖరున కాగితం దులిపి ఆ పొడి కూడా నోట్లో వేసుకున్నాడు. నీళ్ళలో ఒక్క రవ్వ పడలేదు. తర్వాత మెట్టు దగ్గరికి వంగి చేపలతో మాట్లాడాడు.

"ఎందుకర్రా పొద్దుననగా వచ్చి ఇక్కడే నిలబడతారు? ఆవిడ రేపు గాని రాదు. పోయి ఏదో ఒకటి తినండి."

నేను బస్తాల వెనకే కూర్చుండిపోయాను. మొదట గర్వంగా అనిపించింది. ఆ గర్వం బయటి రోడ్డు మీదికి వచ్చేవరకు కూడా నిలవలేదు.

ఇంటికెళ్ళి జరిగింది అత్తగారికి చెప్పాను. మామూలుగా ఆఫీసు సంగతులు ఆవిడకి చెప్పను, ఆ రోజు చెప్పడానికి ఇంకెవరూ లేరు. ఆవిడ టీవీ చూస్తూనే విన్నది.

"ఎంత పెడుతున్నావేమిటి?"

"చిటికెడు, అత్తయ్యా."

"మన ఇంట్లో రోజుకి రెండు గుడ్లు తగ్గుతున్నాయి. నీ చిటికెల్లో రెండు గుడ్లు పడతాయా?"

నిజమే, రెండు.

"కడుపు నిండిన బేరమమ్మాయ్ వాటిది. గుడ్డు నోటికొస్తుంటే వేటకెందుకు పోతాయి? పదిహేడేళ్ళు పెంచావు, ఆ మాత్రం తెలియదా?"

తెలుసు. తెలియకపోవడమేం. ఎవరింట్లో చేపలు వదిలినా, వీటికేమీ వేయకండి, వేస్తే పురుగుల్ని తినవు అని పదిసార్లు చెప్పి వస్తాను. ఊరందరికీ చెప్పిన మాట అది. కంచే చేను మేసిందంటే ఇదే. నా తొట్లలో పుట్టి పెరిగిన చేపలన్నిటికీ నేనే వేట మాన్పించాను.

ఇంక ఎనిమిది రోజులున్నాయి. గుడ్డు మానితే చాలదు, నా చెప్పుల చప్పుడు విన్నా అవి మెట్టు దగ్గరికే వచ్చి నిలబడతాయి. కాబట్టి అటు వెళ్ళకూడదు. మర్నాడు పెద్దాయనని బిల్డింగు గేటు బయటికి పిలిచి, తప్పు నాదేనని చెప్పి, నేను రానని, నీళ్ళలో ఏమీ పడకుండా చూడమని, రోజూ ఒకసారి ఫోన్ చెయ్యమని చెప్పాను. "మిమ్మల్ని తిట్టినందుకు ఏమీ అనుకోకండి" అన్నాను. నా నోట్లోంచి 'మీరు' రావడం చూసి ఆయన కంగారుపడ్డాడు.

మొదటి రోజు ఫోన్ చేశాడు. "మెట్టు దగ్గరే ఉన్నాయమ్మా. చూస్తున్నాయి."

రెండో రోజు కూడా అదే మాట. ఆ రోజు నాకు ముద్ద దిగలేదు. గుడ్లు బుట్టలో ఉన్నాయి, సెల్లారు పావుగంట నడక. ఒక్కసారి వెళ్ళి ఒక్క చిటికెడు, నిజంగా చిటికెడే వేసి వస్తే ఏం పోతుంది అనుకుని వీధి మలుపు దాకా వెళ్ళాను కూడా. వెనక్కి తిరిగి వచ్చాను.

మూడో రోజు, "పెద్ద చేప ఒకటి ఆ మూలకెళ్ళి ఏదో కొరికి వచ్చింది" అన్నాడు. నాలుగో రోజు, "సగం అటే ఉన్నాయి" అన్నాడు. ఐదో రోజు ఆయన గొంతులో సంతోషం వినిపించింది. "మెట్టు దగ్గర ఒక్కటీ లేదమ్మా."

ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపొచ్చింది. అది రావాల్సిన శుభవార్తే. అయినా కన్నీళ్ళు ఆగలేదు.

పదిహేనో రోజు ఇన్‌స్పెక్టరు గరిటె తనే పట్టుకొచ్చాడు, నా గరిటె మీద నమ్మకం లేదు కాబోలు. ప్యాంటు మడిచి నీళ్ళలోకి దిగి, నాలుగు మూలలా తిరిగి, పదిసార్లు ముంచి, తెల్లటి పళ్ళెంలో పోసి, వంగి వంగి చూశాడు. రెండు పురుగులు. మళ్ళీ పదిసార్లు ముంచాడు. ఈసారి ఒకటి.

"ఏం మందు కలిపారు?"

"ఏమీ కలపలేదు సార్."

"మరి ఏం చేశారు?"

"ఏమీ చెయ్యలేదు. ఎనిమిది రోజులుగా ఈ మెట్లే దిగలేదు."

ఆయన అదే రాసుకున్నాడు. తర్వాత ఆ రిపోర్టు నా కంటబడింది. 'సంబంధిత ఉద్యోగిని ఎనిమిది రోజులు స్థలానికి హాజరు కాలేదు. ఫలితం సంతృప్తికరం. తొట్లను యథాతథంగా కొనసాగించవచ్చును' అని ఉంది. పదిహేడేళ్ళలో ఆఫీసు నన్ను మెచ్చుకుంటూ రాసింది ఆ ఒక్క కాగితమే.

ఇన్‌స్పెక్టరు వెళ్ళిపోయాక నేను సెల్లారు మెట్లు దిగాను. చెప్పులు కావాలనే టపటపలాడించాను. ఆఖరి మెట్టు మీద నిలబడి వంగి చూశాను. దగ్గరలో తిరుగుతున్న పది పదిహేను చేపలు నా నీడ నీళ్ళమీద పడగానే బెదిరి, చీకట్లోకి పారిపోయాయి. సన్నబడ్డాయి. చురుగ్గా ఉన్నాయి. చేప ఎలా ఉండాలో అలా ఉన్నాయి.

"గుర్తుపట్టలేదమ్మా" అన్నాడు పెద్దాయన, వెనకనుంచి.

"పట్టకూడదు" అన్నాను. ఆయన బిస్కెట్ ఒకటి ఇచ్చాడు. అక్కడే నిలబడి, రవ్వ రాలకుండా తిన్నాను.

ఆఫీసు తొట్లలో కూడా గుడ్డు మానేశాను. రోజు విడిచి రోజు తవుడు, మిగతా రోజుల్లో పక్కనే ఒక బానలో పురుగులను పెంచి వేస్తున్నాను. వారం పాటు మూలన నిలబడి నోళ్ళు తెరిచి చూశాయి. తర్వాత మానేశాయి. ఇప్పుడు నేను వెళ్ళినా వెళ్ళకపోయినా వాటికి ఒకటే. తొట్లు ఉన్నాయి, పొగబండి ఎండలో ఉంది.

ఇంట్లో గుడ్లు మిగిలిపోతున్నాయి. ఒకరోజు సాయంత్రం ఇంటికి రాగానే ఒకటి ఉడకబెట్టి, పచ్చసొనతో సహా అత్తగారి ముందు పెట్టాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"చేపలు చచ్చిపోయాయా?"

"లేదత్తయ్యా. బాగుపడ్డాయి."

ఆవిడ మొత్తం తిని, వేళ్ళు తుడుచుకుని, డాక్టరు సంగతేమిటని అడిగింది. డాక్టరు మారాడని చెప్పాను. రోజూ అలాగే పెడుతున్నాను. ఐదో రోజో ఆరో రోజో నేను గుమ్మంలోకి రాగానే, టీవీలో ఎవరో ఏడుస్తుండగా, అత్తగారు తల తిప్పి నా వైపు చూసింది.

గుడ్డు కోసమే. చేపలు వచ్చింది మాత్రం దేనికోసం? ఆ మర్నాటినుంచి మా ఇంటి మెట్లు ఎక్కేటప్పుడు చెప్పులు కాస్త గట్టిగానే చప్పుడు చేస్తున్నాను.